వయసు గడిని ముట్టుకోవద్దు

మా రొయ్యల కంపెనీలో మొట్టమొదటి ఏసీ మనుషుల కోసం పెట్టలేదు. కంప్యూటర్ కోసం పెట్టారు. షెడ్డులో రేకుల వేడికి మా నెత్తులు మాడిపోయేవి, ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచి ఒలిచి మా వేళ్ళు కొయ్యబారిపోయేవి. అందుకని ఏసీ అంటే మాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు. మా నెత్తుల సంగతి ఎలా ఉన్నా, మా వేళ్ళకు మాత్రం బాగా తెలుసు.

రాయడం నాకు అలవాటు లేదు. ఐదో తరగతి పాసయ్యాను. ఆరో తరగతి బడి దూరమని మానిపించేశారు. ఇంత పొడుగున రాయడం ఇదే మొదలు. మొన్న మా పేట పిల్ల ఒకతి, రుషికొండ వైపు అద్దాల మేడలో కంప్యూటర్ పని చేసేది, ఇంటికి వస్తే ఊరికే అడిగాను, సే, గెట్, రేంజ్ అనే కమాండ్లు మీరింకా వాడుతున్నారా అని. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "అవి ఎప్పుడో సచ్చిపోయాయి పిన్నీ, నీకెలా తెలుసు?" అంది. ఎలా తెలుసో చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఫోను మోగింది, వెళ్ళిపోయింది. మిగిలిన సగం నా గొంతులోనే ఉండిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఎనభైల చివరి సంగతి. ఫిషింగ్ హార్బర్ దగ్గర కంపెనీ. మా పేట ఆడవాళ్ళం చాలామంది అందులోనే ఒలుపు పనికి పోయేవాళ్ళం. మగవాళ్ళు సముద్రం మీద, మేము షెడ్డులో. ఒక రోజు మేనేజరు అందరినీ నిలబెట్టి, ఇకమీదట గేటు దగ్గర కార్డు చూపించకపోతే లోపలికి రానివ్వరని, ఆ కార్డు కంప్యూటరే ఇస్తుందని చెప్పాడు. విదేశాల నుంచి రొయ్యలు కొనేవాళ్ళు షెడ్డు చూడ్డానికి వస్తారట. వాళ్ళు వచ్చేసరికి ఎవరు మనుషులో ఎవరు కాదో తేలిపోవాలట. అప్పటిదాకా మేము ఎవరమో మేనేజరుకు తెలియదు, ఏళ్ళ తరబడి తిట్టినా.

ప్రోగ్రాం రాయడానికి విజయవాడ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కుర్రవాడే, సన్నగా, కళ్ళజోడు, జేబులో రెండు పెన్నులు. ఏసీ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. మెషీన్‌కు దుమ్ము పడదట. రొయ్యల వాసన సంగతి దాన్ని ఎవరూ అడగలేదు. మొదటి రోజు ఆయన ఒక్కడే కూర్చుని మా ఆడవాళ్ళను ప్రశ్నలు అడిగాడు. ఆయన మాట వీళ్ళకు అర్థం కాలేదు, వీళ్ళ మాట ఆయనకు అర్థం కాలేదు. రెండు వైపులా తెలుగే. అందుకని మధ్యలో ఎవరినైనా కూర్చోబెట్టమన్నాడు. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టేది ఒలుపు వాళ్ళలో నేనొక్కదాన్నే కాబట్టి నన్ను పిలిచారు. అలా నాకు ఏసీ దక్కింది. మొదటి గంట బాగుంది. తర్వాత షెడ్డు నయమనిపించింది, అక్కడ వేళ్ళు మాత్రమే గడ్డకట్టేవి.

ఆయనకు మాట్లాడే దిక్కు లేక నాకు అన్నీ చెప్పేవాడు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. తెర మీద ఏ మాట ఎక్కడ కనబడాలో ముందే రాసిపెట్టాలి. ముందు తోక చుట్టుకున్న ఎ అక్షరం ఒకటి. దాని పక్కన పై నుంచి ఎన్నో వరస, ఎడమ నుంచి ఎన్నో గడి. తర్వాత సే. సే అంటే తెర మీద అడుగు: పేరు, భర్త పేరు, వయసు. తర్వాత గెట్. గెట్ అంటే అక్కడ ఒక గడి పెట్టి, ఎదుటి మనిషి చెప్పింది పుచ్చుకో. పిక్చర్ అంటే మా ఫోటోలు తీస్తారేమో అనుకుని నేను మర్నాడు పువ్వులు పెట్టుకుని వెళ్ళాను. కాదట, గడిలో ఏం పట్టాలో చెప్పే కొలతట. తొమ్మిది అంకె రెండుసార్లు రాస్తే ఆ గడిలో రెండంకెలే పడతాయి. అంటే నూరేళ్ళు బతికినవాళ్ళకు మా కంపెనీలో చోటు లేదు. ఇంకో గుర్తు పెడితే చిన్నక్షరాలు కొట్టినా పెద్దక్షరాలై కూర్చుంటాయి. మా పేర్లను ఆ కంపెనీలో పెద్దవి చేసింది ఆ గుర్తొక్కటే. చివర్లో రీడ్. రీడ్ అంటే అన్ని గళ్ళూ అయ్యేదాకా కదలకుండా కాపలా కూర్చో. ఇదంతా విన్నాక, మేనేజరు లాంటిదే ఇంకొకటి తెచ్చారని నాకు అర్థమైంది. అడుగుతుంది, పుచ్చుకుంటుంది, కాపలా కాస్తుంది. ఇవ్వడం మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు.

నాకిదంతా ఎక్కాక వరస మొదలైంది. మొదటి ఆమెను, "భర్త పేరు?" అని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటోంది?" అన్నాడు ప్రోగ్రామర్.

"మొగుడి పేరు పలకదండి."

"పలక్కపోతే నేనేం కొట్టాలి?"

వెనక నిలబడ్డ ఆమె అందుకుంది. "ఓలే, ఆడి పేరు నాను సెప్తాను, రాసీ. నా మొగుడు కాదు కదా, నాకేటి పాపం?"

"నా మొగుడి పేరు నీకంత బాగా ఎలా తెలుసే?"

"సారా కొట్టు కాడ రోజూ పిలుత్తారు కదే. నీకొక్కదానికే ఇనబడదు."

అలా ప్రతి ఆడమనిషి మొగుడి పేరూ వెనకాల నిలబడ్డ ఆమె చెప్పింది. ఆ పద్ధతి ప్రోగ్రామర్‌కు ఎంత నచ్చిందంటే, వరసలో చివరామె వచ్చేసరికి, "ఈవిడ వెనకాల ఎవరూ లేరే, ఎలా?" అని ఆయనే కంగారుపడ్డాడు.

పేర్ల గొడవ అలా తీరిపోయింది. అసలు గొడవ వయసుతో వచ్చింది.

మా అత్త గురించి ఇక్కడ చెప్పాలి. మా అత్త, మా ఎదురింటి పెద్దమ్మ, ఇద్దరూ షెడ్డు తెరిచిన నాటి నుంచి ఒలుపులో ఉన్నవాళ్ళు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా నిలబడేవాళ్ళు, ఇంటి దగ్గర కూడా ఎదురెదురు అరుగులే. ఇద్దరికీ ఒకే తగువు: ఎవరు పెద్ద అని. మా వీధిలో అమ్మవారి పండగ నాడు తొలి ఘటం ఎత్తేది అందరికన్నా వయసులో పెద్దదైన ఆడమనిషి. పసుపునీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని ఆమె ముందు నడిస్తే వీధంతా వెనకాల నడుస్తుంది. అంతకుముందు ఎత్తే ముసలమ్మ ఆ ఏడే పోయింది. ఆమె పోయిన ఇంటి నుంచి దినం భోజనం తిని వస్తూనే ఇద్దరూ లెక్కలు మొదలుపెట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళు వయసు తగ్గించుకుంటారని అంటారు. మా వీధికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అత్త తెర ముందుకు వచ్చింది. అప్పటికి మీటలు కొట్టే పని ప్రోగ్రామర్ నాకే వదిలేశాడు. నేను పేరు కొట్టాను, వెనకాలే ఉన్న ఎదురింటి పెద్దమ్మ మా మావ పేరు చెప్పింది. తర్వాత నేను వయసు అడిగాను. అత్త వెనక్కి తిరిగి, వరసంతా వినబడేలా చెప్పింది.

"అరవై రాయే కోడలా. జపానోడు ఇసాపట్నం మీద బాంబులేసిన నాటికి నాకు పెల్లయిపోనాది."

ఆ బాంబులు పడి అప్పటికి నలభై అయిదేళ్ళు దాటింది. నేను అరవై కొట్టాను. కీయ్ మని అరిచింది మెషీన్. తెర పైన ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. రేంజ్ పద్దెనిమిది నుంచి యాభై, స్పేస్ నొక్కు అని. ప్రోగ్రామర్ నాకు చెప్పని కమాండ్ అదొక్కటే. రేంజ్ అంటే ఇక్కడి నుంచి ఇక్కడిదాకా ఉన్నవాళ్ళే మనుషులు అని. యాభై అన్న అంకె మేనేజరు ఇచ్చాడట. వచ్చే విదేశీయులకు ముసలివాళ్ళు కనబడకూడదట. మేనేజరుకు యాభై ఎప్పుడు దాటిందో మాకు తెలియదు, ఆయన పేరు మెషీన్‌లో పెట్టలేదు.

అత్తకు ఇదేమీ తెలియదు. "ఏటే అది, ఈల ఏసింది?" అంది సంతోషంగా. అరవైకి మెషీన్ కూడా అబ్బురపడిందని ఆమె అనుకుంది.

ఎదురింటి పెద్దమ్మకు ఊపిరాడలేదు. "దానికి అరవయ్యా! బాంబులు పడ్డ నాటికి నా పెద్దోడు పాకుతన్నాడు. నాకు అరవై అయిదు రాయే."

"నీ పెద్దోడు బాంబుల తర్వాత పుట్టినోడే. అయితే నాకు డెబ్బై ఏసీ," అంది అత్త.

"అమ్మా, వద్దు, యాభై దాటితే తీసుకోదు," అని ప్రోగ్రామర్ చేతులూపాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. నేను ఒకదాని మీద ఒకటి కొడుతుంటే మెషీన్ ప్రతి అంకెకూ అరిచింది. వరసలో వాళ్ళు వేలంపాట చూస్తున్నట్టు నవ్వారు. చివరికి ప్రోగ్రామర్ ఎస్కేప్ అనే మీట నొక్కాడు. అత్త పేరు, మావ పేరు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తెర మీద నల్లటి గళ్ళు మిగిలాయి. ఎదురింటి పెద్దమ్మకూ అదే జరిగింది.

మేనేజరు గుమ్మంలోంచి చూసి, "మెషీన్ ఒద్దన్నోళ్ళు ఇంటికెళ్ళండి" అన్నాడు. ఆయన మంచివాడు, ఆ మాట ఆయన అనలేదు, మెషీన్ అంది.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఇంటి దగ్గరే. సంగతి చిన్నదే: మళ్ళీ వచ్చి, వరస ముందు నిలబడి యాభై అంటే చాలు. అయితే ఎవరు ముందు యాభై అంటే వాళ్ళకు తొలి ఘటం ఆ జన్మకు పోయినట్టే.

"అత్తా, యాభై అని సెప్పీ. ఎవులికి తెలుత్తాది?" అన్నాను.

"ఎవులికి తెలుత్తాదా? అదిగో, అదుందిగా ఎదర," అని ఎదురు అరుగు వైపు చూపించింది. "నా పెద్దకూతురికి నలభై దాటినాయి. నాకు యాభయ్యయితే, దాన్ని పాలపల్లు ఊడకుండానే కన్నానేటి?"

"పని పోద్ది అత్తా."

"పోనీ. నా వయసు పోతే ఎవుడిత్తాడు?"

అలా అన్నది గాని, తెల్లారి కంపెనీ వ్యాను హారన్ వినబడగానే లేచి కూర్చునేది. జుట్టు ముడేసుకునేది, పమిట నడుముకు బిగించేది, అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేది. ఎదురు అరుగు మీద ఎదురింటి పెద్దమ్మ కూడా సరిగ్గా అదే చేసేది. ఆమె సంగతి ఇంకా అన్యాయం. ఆమె కొడుకు కాలు బోటులో మోకు చుట్టుకుని నలిగిపోయి మంచం మీద ఉన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె ఒలుపు మీదే. మా ఇంట్లో మా ఆయన వేటకు పోయేవాడు, నేనున్నాను. ఆ ఇంట్లో సంపాదించేవాళ్ళు ఇంకెవరూ లేరు. అయినా ఆమె కూడా యాభై అనలేదు. ఇద్దరూ ఒకరినొకరు కాపలా కాస్తూ కూర్చున్నారు, కమాండ్ లేకుండానే రీడ్.

ప్రోగ్రామర్ పని అయిపోవచ్చింది. ఆయన వెళ్ళిపోయే ముందు ఒక రోజు నేను అడిగేశాను. "బాబూ, ఆ రేంజ్ తీసెయ్యలేరా?"

"మేనేజర్ గారు ఒప్పుకోరు అక్కా. రేంజ్ ఉందో లేదో రోజూ ఆయనే అరవై కొట్టి చూసుకుంటున్నారు. అరిస్తే ఆయనకు నిద్ర పడుతుంది." కాసేపు గోళ్ళు కొరుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతా. ఆ గడిని ముట్టుకోకండి. ముందే అందులో సున్నా ఉంటుంది కదా. ఏ అంకే కొట్టకుండా ఎంటర్ నొక్కండి. ముట్టుకుంటేనే రేంజ్ చూస్తుంది. ముట్టుకోకపోతే చూడదు."

"చూడకుండా వదిలేస్తుందా?"

"అవును. ఆ కమాండ్ అంతే. ఎవరు చేశారో ఏమో."

నాకు మాత్రం వింతగా అనిపించలేదు. నిజం చెప్పినవాణ్ణి ఆపి, నోరు మెదపనివాణ్ణి లోపలికి పంపే గుమ్మాలు ఈ ఊళ్ళో నేను చాలా చూశాను. ఏసీలో పెట్టింది మాత్రం ఇదొక్కటే.

అయితే చిక్కు ఏమిటంటే, తెర ముందు నిలబడి వయసు చెప్పకూడదు. చెబితే మేనేజరు వింటాడు, నేను కొట్టి తీరాలి. మా వీధిలో నోరు మూసుకోలేని ఆడవాళ్ళను ఇద్దరిని ఏరమంటే ఎవరిని ఏరతారో మీకు తెలిసే ఉంటుంది. ముందు అత్తకు చెప్పాను. "వయసు మాట ఎత్తకూడదు, అంతే. ఎత్తితే మెషీన్ పంపేత్తాది."

అత్త ఆలోచించింది. "మరి అదెత్తితే?"

"పెద్దమ్మెత్తితే పెద్దమ్మని పంపేత్తాది."

అత్త మొహం వెలిగిపోయింది. నేను అరుగు దాటి ఎదురింటికి వెళ్ళి అదే మాట చెప్పాను. అక్కడా మొహం అదే తీరుగా వెలిగింది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు, ఒకరి వెనక ఒకరు. సంగతి ఎలా పాకిందో, షెడ్డు సగం గుమ్మం దగ్గరే ఉంది. మేనేజరు కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. అత్త పేరు కొట్టాను. వెనక నుంచి పెద్దమ్మ మావ పేరు చెప్పింది. కర్సర్ వయసు గడిలోకి వచ్చి మిణుకుమిణుకుమంది. అత్త పెదాలు బిగించింది. నేను ఎంటర్ నొక్కాను. మెషీన్ అరవలేదు. కర్సర్ కిందికి జారిపోయింది.

తర్వాత పెద్దమ్మ. పేరు అయింది. ఆమె భర్త పేరు అత్త చెప్పింది. కర్సర్ వయసు గడిలోకి వచ్చింది. నా వేలు ఎంటర్ మీద ఉంది. అప్పుడు అత్త ఉండబట్టలేక నోరు తెరిచింది.

"ఓలే, బాంబులు పడ్డ నాటికి నీకు ఎన్నేల్లే?"

వల వేసిందని అందరికీ తెలుసు. పెద్దమ్మకూ తెలుసు. అరవై అయిదు ఆమె నాలిక చివరిదాకా వచ్చింది, ఆ సంగతి ఆమె గొంతు కదలడంలోనే కనబడింది. మేనేజరు గోడ వదిలి ముందుకు వంగాడు. ఆమె ఒకసారి మేనేజరును, ఒకసారి తన చేతుల్ని చూసుకుంది.

"నాకేటి గుర్తే," అంది మెల్లగా. "అప్పటికి నాను సిన్నగుంటని."

ఎవరూ నవ్వలేదు. వీధి మొత్తం ముందు తనను చిన్నపిల్లగా చెప్పుకుని ఆమె ఘటం దింపేసింది. తొలి ఘటం ఇక మా అత్తదే. అత్త ఇప్పుడు వెనక్కి తిరిగి ఊరంతా వినబడేలా చాటుతుందని నేను తల దించుకున్నాను.

అత్త ఏమీ చాటలేదు. పెద్దమ్మ చేతుల వైపే చూస్తూ నిలబడింది. ఐసు నీళ్ళకు పగిలి, గోళ్ళ చుట్టూ తెల్లగా ఉబ్బిన చేతులు. మా అత్తవీ అలాంటివే. అప్పుడు విసుగ్గా అంది:

"నువ్వు సిన్నగుంటవా? అబ్బో, గొప్ప! నానప్పటికి పుట్టనే నేదు."

"ఏటి? నీకు పెల్లయిపోనాదన్నావు కదే మొన్న!"

"అది మా అప్ప పెల్లి. ఎవులో సెప్తే ఇన్నాను."

"అయితే మీ అమ్మకే పెల్లి కానేదేమో," అంది వరసలోంచి ఎవరో. అప్పుడు నవ్వారు. ఆ నవ్వులో నేను ఎంటర్ నొక్కేశాను. మెషీన్ అరవలేదు. మేనేజరు మెషీన్ వైపు చూశాడు, ముసలివాళ్ళిద్దరి వైపు చూశాడు, మళ్ళీ మెషీన్ వైపు చూశాడు. అరవలేదు కాబట్టి వాళ్ళు ముసలివాళ్ళు కారని నిర్ణయించుకుని వెళ్ళిపోయాడు.

కార్డులు వచ్చాయి. ఇద్దరివీ పెద్దక్షరాల్లోనే. వయసు దగ్గర సున్నా. గేటు దగ్గర కాపలా ఆయన అది చదివి, కార్డును తిప్పి చూసి, మళ్ళీ చదివి, "కంప్యూటర్ ఇచ్చిందా?" అని అడిగాడు. ఇచ్చిందన్నాను. "అయితే ఎల్లండి," అన్నాడు. విదేశీయులు కూడా వచ్చి చూసి వెళ్ళారు. ఏ వయసూ లేని ఇద్దరు ఆడవాళ్ళు బల్లకు అటూ ఇటూ నిలబడి అందరికన్నా వేగంగా ఒలుస్తుంటే ఫోటోలు కూడా తీసుకున్నారు.

అమ్మవారి పండగ వచ్చింది. డప్పులు మొదలయ్యాయి. పసుపు రాసిన కుండ వేపమండలతో సిద్ధంగా ఉంది. ఎవరూ ఎత్తరు.

"ఎత్తవే, పెద్దదానివి," అంది మా అత్త.

"నానా? నాను సిన్నగుంటని. నువ్వెత్తు."

"నానింకా పుట్టనే నేదు కదే."

డప్పులవాళ్ళు చేతులు నొప్పెట్టి ఆపేశారు. పూజారి ఎండ వైపు చూశాడు. చివరికి ఎదురింటి పెద్దమ్మే వంగి, కుండ రెండు చేతులా పట్టుకుని లేపి, మా అత్త ముందు నిలబడింది. "ఎత్తప్పా," అంది.

అప్ప అంటే అక్క. అన్నేళ్ళలో ఆమె మా అత్తను అలా పిలవగా నేను వినలేదు. అత్త కూడా ఎప్పుడూ విన్నట్టు లేదు, కుండ వైపు కాక ఆమె మొహం వైపు చూసింది. తర్వాత తల వంచింది. పెద్దమ్మ కుండ ఆమె నెత్తిన పెట్టి, చుట్టకుదురు సర్ది, వెనక్కి జరిగింది. డప్పులు మళ్ళీ మోగాయి. వీధంతా కదిలింది. నాలుగడుగులు వేసిందో లేదో, కుండ నెత్తిన ఉండగానే, మా అత్త మెడ తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకు తిప్పి అడిగింది:

"ఓలే, నీకన్నా నాను ఎన్నేల్లు పెద్దే?"